హైడ్రోజన్‌లో చిక్కుముడి: 0.07 కరెక్టా, 1.36 కరెక్టా?

అమరావతిలో 156 క్యూబిట్ల ఐబిఎం క్వాంటమ్ కంప్యూటర్ పెడతామని 2025లో ప్రకటించిన దగ్గర్నుంచి మన వట్లూరులో కూడా క్యూబిట్ల మాటే. దానితో ఏం చేస్తారని ఇంట్లో అడిగితే అందరం ఒకటే చెప్తాం: కొత్త మందులు, కొత్త మాలిక్యూల్స్. "మరి ఇప్పుడున్న కంప్యూటర్లు దానికి చాలవా?" అని తాతయ్య అడిగాడు. నోరు పెగల్లేదు. ఆ ప్రశ్న పట్టుకుని వెతికితే దొరికిందే ఈ వ్యాసం.

ఇంటర్‌లో ఆర్బిటాల్ డబ్బాల్లో ఎలక్ట్రాన్లని రెండేసి చొప్పున నింపాం కదా. హార్ట్రీ-ఫాక్ లెక్క దాదాపు అంతే. ప్రతి ఎలక్ట్రాన్ మిగతావాటి సగటుని మాత్రమే చూస్తుంది. నిజానికి అవి ఒకదాన్నొకటి క్షణక్షణం తప్పించుకుంటాయి. సగటు లెక్కలో జారిపోయే ఈ సంగతే కోరిలేషన్. ఇది కొద్దిగా ఉంటే లాప్‌టాప్ సర్దుకుంటుంది, ఎక్కువైతే చేతులెత్తేస్తుంది.

ఎంత ఉందో కొలవడానికి ఎంట్రొపీ వాడతారు. ఒక ఆర్బిటాల్‌కి నాలుగే స్థితులు: ఖాళీ, పైకి స్పిన్, కిందికి స్పిన్, రెండూ. మిగతా మాలిక్యూల్‌ని పక్కన పెట్టి ఈ ఒక్కదాన్నే చూస్తే ఏ స్థితికి ఎంత సంభావ్యతో వస్తుంది. ఒక్కొక్క సంభావ్యతని దాని నేచురల్ లాగ్‌తో గుణించి, కూడి, మైనస్ పెట్టాలి. మెషీన్ లెర్నింగ్‌లో డెసిషన్ ట్రీకి వాడే ఫార్ములానే! ఒకే స్థితి ఖాయమైతే సున్నా, నాలుగూ సమానమైతే గరిష్ఠంగా 1.386. 2003లో లెగెజా, షోయోమ్ ఈ కొలతని ఆర్బిటాళ్ళకి వాడారు. 2012 నాటికి రైహర్ బృందం లాంటివాళ్ళు దీంతో కోరిలేషన్ రకాలనే విడదీసి చూపించారు.

నేను పైథాన్‌లో పైఎస్‌సీఎఫ్ వేసుకుని, అన్నిటికన్నా చిన్న బేసిస్‌లో హైడ్రోజన్ మాలిక్యూల్ పెట్టాను. బాండ్ 0.74 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర ఎంట్రొపీ 0.07 వచ్చింది. రెండు అణువుల్నీ బాగా దూరం లాగితే 0.69. బాండ్ తెగుతుంటే కోరిలేషన్ పెరిగింది, పుస్తకంలో చెప్పినట్టే. అక్కడితో ఆగుంటే బాగుండేది. సరదాకి మాలిక్యులర్ ఆర్బిటాళ్ళు తీసేసి, అణువుకొకటి చొప్పున లోకల్ ఆర్బిటాళ్ళు పెట్టాను. 0.74 దగ్గర 1.36! దూరం లాగితే 0.69కి పడిపోయింది. అంతా తలకిందులు. రెండు రాత్రులు కోడ్‌లో బగ్ వెతికాను. బగ్ లేదు.

కొల్లేరు వైపు రెండు చేపల చెరువులు పక్కపక్కనే ఉన్నాయనుకోండి. కాపలాకి ఇద్దరు అన్నదమ్ములు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఎవరికి తోచిన గట్టు మీద వాళ్ళు తిరుగుతారు. వాళ్ళ మధ్య ఏ ఒప్పందమూ లేదు. అయినా ఒక గట్టు మీద ఇద్దరూ కనిపిస్తే రెండోదాని మీద ఎవరూ లేరని చూడకుండానే చెప్పొచ్చు. అంటే మనుషుల మధ్య లేని సంబంధం చెరువుల మధ్య కనిపిస్తోంది. లోకల్ ఆర్బిటాళ్ళలో వచ్చిన 1.36లో ఎక్కువ భాగం ఇదే. ఎంట్రొపీ కొలిచేది ఆర్బిటాళ్ళ చిక్కుముడిని, ఎలక్ట్రాన్ల చిక్కుముడిని కాదు. మాలిక్యులర్ ఆర్బిటాళ్ళలో ఈ మామూలు పంపకం ముందే సర్దుకుపోతుంది కాబట్టి మిగిలిన 0.07 నిజంగా కోరిలేషన్ గురించి చెప్తుంది. రెండు నెంబర్లూ కరెక్టే, ప్రశ్నలే వేరు. ఏ ఆర్బిటాళ్ళో చెప్పకుండా ఎవరైనా ఎంట్రొపీ గ్రాఫ్ చూపిస్తే ఇకమీదట నేను నమ్మను.

తర్వాత నైట్రోజన్. బాండ్ సాగదీస్తే ఆరు ఆర్బిటాళ్ళ ఎంట్రొపీ ఒక్కసారిగా లేచింది: మూడు బాండ్లు, వాటి మూడు యాంటీబాండ్లు. మిగతావి పెద్దగా కదల్లేదు. లేచిన ఆరింటికే ఖరీదైన లెక్క చేస్తే చాలన్నమాట. 2016లో స్టైన్, రైహర్ ఈ ఎంపికనే ఆటోమేటిక్ చేశారు.

ఇదే నైట్రోజన్‌ని తాతయ్య వరికి ముందు చల్లే పచ్చిరొట్ట జీలుగ, వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియాతో, మామూలు వేడిలోనే విడగొట్టిస్తుంది. ఎరువుల ఫ్యాక్టరీకేమో 400 డిగ్రీల పైన వేడి కావాలి. బ్యాక్టీరియా ఎంజైమ్‌లో పని జరిగే చోట ఏడు ఇనుము అణువులు, ఒక మాలిబ్డినమ్, తొమ్మిది సల్ఫర్, మధ్యలో ఒక కార్బన్. ఇక్కడ ఒకటి రెండు కాదు, బోలెడు ఆర్బిటాళ్ళు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయి. 2017లో రైహర్ వాళ్ళు దీనికి తీసుకున్న మోడల్‌లో 54 ఆర్బిటాళ్ళు, స్పిన్‌తో కలిపి 108 క్యూబిట్లు.

అమరావతిది 156 కదా, సరిపోతుందిగా అనుకున్నా. సరిపోదు. ఇప్పటి క్యూబిట్లు తప్పులు చేస్తాయి. ఆ తప్పులు దిద్దుకుంటూ ఈ లెక్క చెయ్యాలంటే సుమారు 40 లక్షల క్యూబిట్లు కావాలని 2021లో ఒక అంచనా వచ్చింది. ఈసారి ఇంటికెళ్ళినప్పుడు తాతయ్యకి ముందు హైడ్రోజన్ గ్రాఫ్ చూపించి, ఆ తర్వాత జీలుగ సంగతి చెప్పాలి. కోడ్ కావాల్సినవాళ్ళు క్లబ్ గ్రూప్‌లో అడగండి, పంపిస్తాను.