వాహనానికీ ఋతుచర్య

పాఠ్యభాగ ఉద్దేశం

నిత్యం వాడే యంత్రం వెనుక ఉన్న శాస్త్రసూత్రాన్ని గ్రహించడం, దానిని కాపాడుకొనే పద్ధతిని తెలుసుకోవడం, ఆ ప్రయత్నంలో తోటి ప్రాణుల క్షేమాన్ని మరువకుండా ఉండడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పుష్యమాసపు వేకువలో నల్లకుంట నుండి విద్యానగర్, అడిక్‌మెట్‌ల మీదుగా ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం దాటి తార్నాక చేరే దారి మంచుతెరలో మునిగి ఉంటుంది. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనం లేత ఎండ పడేవరకు కనబడీ కనబడక ఉంటుంది. నడకకు వచ్చిన పెద్దలు శాలువాలు కప్పుకొంటారు. చెట్ల క్రింద కుక్కలు ముడుచుకొని పడుకొంటాయి. ఇళ్ళ ముందు నిలిపిన కార్ల అద్దాలపై నీటిబిందువులు పేరుకొంటాయి.

ఏ ఋతువులో ఏ ఆహారం తీసుకోవాలో, ఏ విధంగా మెలగాలో చెప్పే నియమాలను మన పూర్వులు ఋతుచర్య అన్నారు. వాగ్భటుని అష్టాంగహృదయంలో దానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉంది. శరీరానికి ఉన్నట్లే వాహనానికీ ఋతుచర్య ఉంది. కాని చాలామంది చలికాలంలో ఇంజనును గురించి ఆలోచించరు. ఇంజను వేడెక్కేది వేసవిలోనే అని వారి నమ్మకం. సంక్రాంతి ప్రయాణం ఆ నమ్మకాన్ని పరీక్షిస్తుంది. పండుగకు ఊళ్ళకు బయలుదేరిన కార్లు విజయవాడ రహదారిలో, చౌటుప్పల్ సమీపంలోని పంతంగి టోల్‌ప్లాజా దగ్గర బారులు తీరుతాయి. బండి వేగంగా సాగేటప్పుడు ఎదురుగాలి ఇంజనును చల్లబరుస్తుంది. బారులో నిలిచినప్పుడు ఆ గాలి ఉండదు. అప్పుడు భారమంతా శీతలీకరణ వ్యవస్థపైనే పడుతుంది.

ఇంజనులో ఇంధనం మండేటప్పుడు వాయువుల ఉష్ణోగ్రత రెండువేల డిగ్రీల సెల్సియస్‌ను మించుతుంది. ఇంధనం ఇచ్చే శక్తిలో దాదాపు మూడోవంతు శీతలీకరణ ద్రవంలోకే వేడి రూపంలో చేరుతుంది. పంపు ఆ ద్రవాన్ని ఇంజను చుట్టూ త్రిప్పుతుంది. థర్మోస్టాట్ అనే ద్వారపాలకుడు ఇంజను తగినంత వేడెక్కేవరకు దారి మూసి ఉంచి, ఆ తరువాత ద్రవాన్ని రేడియేటరుకు పంపుతాడు. అక్కడ సన్నని గొట్టాల గుండా ప్రవహిస్తూ అది తన వేడిని గాలికి అప్పగిస్తుంది. బండి నిలిచినప్పుడు ఫ్యాను ఆ గాలిని అందిస్తుంది.

ఇంత పనికి నీరు చాలదా అన్న ప్రశ్న సహజం. వేడిని మోయడంలో నీటికి సాటియైన ద్రవాలు అరుదు. కాని నీటికి మూడు లోపాలున్నాయి. మొదటిది, గడ్డకట్టేటప్పుడు అది సుమారు తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది. ఆ ఒత్తిడికి లోహపు ఇంజను సైతం పగులుతుంది. రెండవది, అది త్వరగా మరుగుతుంది. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాదులో నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మూడవది, అది లోహాన్ని తుప్పు పట్టిస్తుంది. బోరునీటిలోని లవణాలు వంటపాత్రల అడుగున కట్టినట్లే రేడియేటరు గొట్టాలలోనూ తెల్లని పొరగా పేరుకొని ప్రవాహాన్ని అడ్డుకొంటాయి.

ఈ లోపాలను సరిదిద్దడానికి నీటిలో ఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనాన్ని, తుప్పును నిరోధించే పదార్థాలను కలుపుతారు. చలిదేశాలలో దీనిని యాంటీఫ్రీజ్ అనీ, మన మెకానిక్కులు కూలెంట్ అనీ అంటారు. ఇక్కడ ఒక వింత ఉంది. నీరు సున్న డిగ్రీల వద్ద గడ్డకడుతుంది. శుద్ధమైన గ్లైకాల్ మైనస్ 13 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. రెండింటినీ సగం సగం కలిపితే ఆ మిశ్రమం సుమారు మైనస్ 37 డిగ్రీల వరకు గడ్డకట్టదు. విడివిడిగా ఏ ఒక్కదానికీ లేని బలం కలయిక వల్ల వచ్చింది. అందుచేత మందు ఎక్కువైతే మేలు ఎక్కువవుతుందని నీరు లేకుండా గ్లైకాల్‌నే నింపడం తప్పు. అది నీటివలె వేడిని మోయలేదు.

హైదరాబాదులో నీరు గడ్డకట్టే చలి లేదు. 1946 జనవరిలో నమోదైన 6.1 డిగ్రీలే ఈ నగరపు చలికి గుర్తుగా చెప్పుకొంటారు. కనుక ఇక్కడ కూలెంటు చేసే ప్రధానమైన పని మరుగును ఆపడం, తుప్పును అరికట్టడం. అయితే తార్నాక పరిసరాలలో చదువుకొని అమెరికా వెళ్ళే విద్యార్థికి ఇదే ద్రవం మరో రూపంలో అవసరమవుతుంది. 2019 జనవరి 30న షికాగో నగరంలో ఉష్ణోగ్రత మైనస్ 30 డిగ్రీలకు దిగింది. తక్కువ ధరకు పాతకారు కొన్నవాడు, దానిలో ఉన్నది ఉత్త నీరో, సరియైన మిశ్రమమో పరీక్షించకపోతే ఒక్క రాత్రిలోనే ఇంజనును కోల్పోవచ్చు.

ఈ ఋతుచర్య కష్టమైనది కాదు. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడు కూలెంటు డబ్బా వైపు చూడాలి. ద్రవం కనిష్ఠ, గరిష్ఠ గీతల నడుమ ఉండాలి. మాటిమాటికీ తగ్గుతూ ఉంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. బండి క్రింద తడిమచ్చ, తియ్యని వాసన దానికి సూచనలు. రబ్బరు గొట్టాలు ఉబ్బినా, పగుళ్ళు పట్టినా మార్పించాలి. గాఢమైన కూలెంటునైతే డిస్టిల్డ్ వాటర్‌తో కలపాలి. ముందే కలిపి అమ్మే దానికి మరల నీరు చేర్చరాదు. రంగు ఒకటే కదా అని వేరు వేరు రకాలను కలుపరాదు. ఏ రకం, ఎన్నాళ్ళకు మార్చాలి అన్నవి కారుతో ఇచ్చిన పుస్తకంలో ఉంటాయి. విద్యుత్ కార్లలో చాలావాటికి బ్యాటరీని చల్లబరిచేదీ ఇటువంటి ద్రవమే కనుక వాటికీ ఈ జాగ్రత్త తప్పదు.

దారిలో ఉష్ణోగ్రత ముల్లు పైకి పోతే ఏ.సి. ఆపి, బండిని సురక్షితంగా ప్రక్కకు తీసి, ఇంజను ఆపాలి. వెంటనే రేడియేటరు మూత తీయడం ప్రాణాపాయం. ఒత్తిడి వల్ల మరుగకుండా ఉన్న ద్రవం మూత తీసిన మరుక్షణం ఆవిరియై ముఖంమీదికి చిమ్ముతుంది. కాలిన ఇంజనుపై చల్లని నీరు పోయడం కూడా ప్రమాదమే. హఠాత్తుగా ముడుచుకొని లోహం పగులుతుంది. ఇంజను పూర్తిగా చల్లబడేవరకు నిరీక్షించడమే ఉత్తమం. పండుగకు కొంత ఆలస్యమైనా ఫరవాలేదు.

చివరి నియమం అన్నింటికంటె ముఖ్యమైనది. ఇథిలీన్ గ్లైకాల్ రుచికి తియ్యగా ఉంటుంది, కాని అది విషం. శరీరంలో చేరి మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. అందుకే కొన్ని దేశాలలో దానికి చేదు పదార్థం కలుపుతారు. ఇంటి ముందు ఒలికిన కొద్దిపాటి ద్రవాన్ని నాకిన వీధికుక్క, నీళ్ళసీసాలో దాచినదాన్ని శరబత్తు అనుకొని త్రాగిన పిల్లవాడు ప్రాణాలు కోల్పోవచ్చు. ఒలికినదాన్ని వెంటనే తుడిచి, ఆ చోటును నీటితో కడగాలి. పాత కూలెంటును మురుగుకాల్వలో పారబోయక సర్వీసు కేంద్రానికి అప్పగించాలి. కొత్తదానిని పేరు వ్రాసి ఉన్న సొంత డబ్బాలోనే, పిల్లలకు అందని చోట ఉంచాలి. తన వాహనం క్షేమంగా సాగాలని కోరుకొనేవాడు దాని నీడలో నిద్రించే ప్రాణిని కూడా తలచుకోవాలి. అప్పుడే ఋతుచర్య సంపూర్ణమవుతుంది.

అర్థాలు

ఋతుచర్య = ఋతువుకు తగిన నడవడి
వ్యాకోచించు = పరిమాణంలో పెరుగు
నిరోధించు = అడ్డగించు
గాఢమైన = చిక్కని
నిరీక్షించు = ఎదురుచూచు

ప్రశ్నలు

అ. వ్యాసరూప సమాధాన ప్రశ్న
1. ఇంజనును చల్లబరచడంలో నీటికి ఉన్న లోపాలేవి? కూలెంటు వాటిని ఎట్లా సరిదిద్దుతుందో వివరించండి.

ఆ. సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. సంక్రాంతి ప్రయాణంలో ఇంజను వేడెక్కడానికి కారణమేమి?
2. ఇంజను వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత ఎందుకు తీయరాదు?

ఇ. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. థర్మోస్టాట్ చేసే పని ఏమిటి?
2. ఇథిలీన్ గ్లైకాల్ ఏ అవయవాన్ని దెబ్బతీస్తుంది?