మామ్మ కూడా ఆడే వీడియో గేమ్: గవ్వల లెక్క

సెలవొస్తే వైజాగ్ అంతా రుషికొండ బీచ్‌కి వస్తుంది. రుషికొండలో ఉండే మేం మాత్రం ఇంట్లోనే ఉంటాం. కనుమ రోజు భీమిలి రోడ్డు మీద బండి తీయాలంటేనే విసుగు. నాన్నది పోర్టులో షిఫ్ట్ డ్యూటీ, తమ్ముడికి ట్యూషన్లు, నాకు కాలేజీ. అమ్మా మామ్మలతో కలిపి ఐదుగురం ఒకేసారి ఖాళీగా దొరికే రోజులు ఏడాదికి చాలా తక్కువ. అందుకే ఆ రోజు ఏం ఆడాలి అనేది మా ఇంట్లో సీరియస్ ప్రశ్నే.

తమ్ముడి ఓటు ఎప్పుడూ బీజీఎంఐకే. అది రియల్ టైమ్ గేమ్, అంటే మనం ఆలోచిస్తున్నా కూడా గేమ్ ఆగదు. మామ్మ స్క్రీన్ మీద బొటనవేలు ఎక్కడ పెట్టాలో చూసుకునేలోపే ఆమె ప్లేయర్ చచ్చిపోతాడు. ఈ గ్యాప్ తగ్గించడానికి గేమ్ డిజైనర్లు ఒక ట్రిక్ వాడతారు. మారియో కార్ట్‌లో వెనకబడ్డ వాళ్ళకి బలమైన ఐటమ్స్ ఎక్కువగా దొరుకుతాయి. దీన్ని రబ్బర్ బ్యాండింగ్ అంటారు. ఐడియా బాగుంది కానీ, దానికీ కంట్రోలర్ మీద చెయ్యి తిరగాలిగా.

టర్న్ బేస్డ్ గేమ్‌లో ఆ ఇబ్బంది లేదు. మన వంతు వచ్చేదాకా కళ్ళజోడు తుడుచుకోవచ్చు, పకోడీ తినొచ్చు. 2016లో వచ్చిన లూడో కింగ్ 2020 లాక్‌డౌన్‌లో అన్ని ఇళ్ళలోకీ దూరడానికి ఇది పెద్ద కారణం అని నా నమ్మకం. ఒకే ఫోన్ చేతులు మార్చుకుంటూ ఆడొచ్చు, పైగా పాచికకి వయసుతో పని లేదు. అయినా మామ్మకి నచ్చలేదు. "అందులో పాచిక ఎవరేస్తున్నారో కనపడదు కదరా" అంది. కొట్టిపారేసే మాట కాదిది. లోపల ఉన్నది సూడో రాండమ్ నంబర్ జనరేటర్. ఒక సీడ్ నుంచి ఫార్ములాతో వచ్చే అంకెలు. సరిగ్గా రాస్తే అందులో మోసం ఉండదు, కానీ ఆడేవాళ్ళకి అది కనపడదు. గవ్వలు అయితే నేల మీద అందరి ముందే పడతాయి.

అందుకే ఈ సెలవుల్లో అష్టాచమ్మాని ఫోన్‌లోకి తెద్దామని కూర్చున్నాను. బోర్డు తేలిక: 5 అడ్డం, 5 నిలువు, మొత్తం 25 గళ్ళు. బయటి చుట్టు 16, లోపలి చుట్టు 8, మధ్యలో పండే గడి ఒకటి. మన ఇంటి గడి నుంచి కాయ పండాలంటే 15, 8, 1 కలిపి 24 అడుగులు. అమ్మా నేనూ ఒక జట్టు అయితే నలుగురికీ సరిపోతుంది.

అసలు మజా గవ్వల దగ్గర ఉంది. నాలుగు గవ్వలు వేస్తే ఎన్ని వెల్లకిలా పడితే అంత. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. ఈ రెండింటికీ మళ్ళీ వెయ్యొచ్చు. కోడ్ రాసేవాళ్ళకి వెంటనే తట్టేది 1, 2, 3, 4, 8 ఒక లిస్టులో పెట్టి రాండమ్‌గా ఒకటి తీయడం. అలా చేస్తే ఆట పాడైపోతుంది. ఒక్కో అంకెకీ 20 శాతం వస్తుంది, ఇంకోసారి వేసే ఛాన్స్ 40 శాతం అవుతుంది. ఒక్కరే ఆడుతుంటే మిగిలినవాళ్ళం చూస్తూ కూర్చోవాలి.

నాలుగు గవ్వల్ని నాలుగు నాణేల్లా విడివిడిగా ఎగరెయ్యాలి. అప్పుడు 16 రకాలుగా పడొచ్చు. వాటిలో 1 పడేది 4 సార్లు, 2 పడేది 6 సార్లు, 3 పడేది 4 సార్లు. చమ్మా ఒకసారి, అష్టా ఒకసారి. సెకండ్ ఇయర్‌లో మనం బట్టీ పట్టిన బైనామియల్ డిస్ట్రిబ్యూషన్ ఇదే. మళ్ళీ వేసే ఛాన్స్ 16లో 2, అంటే 12.5 శాతం. సగటున ఒక్కో వేతకి 2.5 గళ్ళు. పచ్చీసుని ఇంగ్లండ్‌లో 19వ శతాబ్దం చివర్లో లూడోగా మార్చినప్పుడు గవ్వలు తీసేసి పాచిక పెట్టారు. పాచికలో ఆరు ముఖాలకీ సమాన ఛాన్స్ కాబట్టి ఈ ఎగుడుదిగుడు మొత్తం పోయింది. నా లెక్కన అది నష్టమే.

ఎందుకంటే ఈ ఎగుడుదిగుడులోనే స్కిల్ ఉంది. "వాడి కాయకి రెండు గళ్ళ ముందు నిలబడకు, చంపేస్తాడు" అని మామ్మ అమ్మకి ఎప్పుడూ చెప్తుంది. లెక్క వేసి చూశాను. రెండు గళ్ళ ముందుంటే ఒక్క వేతలో చావడానికి 16లో 6 ఛాన్సులు. ఐదు గళ్ళ ముందుంటే వాడికి చమ్మా పడి, వెంటనే ఒకటి కూడా పడాలి, అంటే 64లో 1. మామ్మ చదివింది ఐదో తరగతి.

ఇంకో చిక్కు ఉంది. నిజం గవ్వ నాణెం కాదు. ఒక వైపు గుండ్రం, ఇంకో వైపు చదును. ఒక్కో గవ్వ వెల్లకిలా పడే ఛాన్స్ 60 శాతం అనుకుందాం. అప్పుడు అష్టా 6.25 శాతం నుంచి దాదాపు 2.6కి పడిపోతుంది, చమ్మా దాదాపు 13కి పెరుగుతుంది. అరగదీసిన చింతపిక్కలతో ఆడే ఇళ్ళలో ఇంకో లెక్క వస్తుంది. మీ ఇంట్లో గవ్వ ఉంటే 100 సార్లు వేసి రాసుకోండి. వచ్చిన అంకెని ఆ ఇంటి సెట్టింగ్‌గా పెట్టుకునేలా కోడ్‌లో ఒక వేరియబుల్ ఖాళీగా వదిలాను.

మామ్మ నమ్మకం సంగతి మాత్రం కోడ్‌తో తేలలేదు. ప్రస్తుతానికి గవ్వలు నేల మీద మామ్మే వేస్తుంది, పడిన అంకెని తమ్ముడు ఫోన్‌లో నొక్కుతాడు, కాయలు స్క్రీన్ మీద కదులుతాయి. ఒక్క కాయనైనా చంపనిదే లోపలి చుట్టులోకి వెళ్ళకూడదన్నది మా ఇంటి రూల్. వరసగా మూడు అష్టాలు పడితే అన్నీ రద్దు అని నాన్న అంటారు, మామ్మ ఒప్పుకోదు. మీ ఇళ్ళలో ఏది రూలో క్లబ్ గ్రూపులో పెట్టండి.