ఒకే మోడల్ ఫోన్లు, ఒకే చిప్... మరి స్కోర్లు ఎందుకు వేరు?

ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే ర్యామ్, ఒకే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్. అయినా రెండు ఫోన్లు పక్కపక్కన పెట్టి బెంచ్‌మార్క్ రన్ చేస్తే స్కోర్లు సరిగ్గా ఒకటే రావు. గేమ్ ఆడితే ఒకటి కాస్త ముందే వేడెక్కుతుంది. వెంటనే మనకొచ్చే డౌట్ ఒక్కటే: "నాకు డిఫెక్ట్ పీస్ తగిలిందా?"

చాలాసార్లు కాదు. ఐదు వేళ్లూ ఒకేలా ఉండవన్నట్టే, ఒకే ఫ్యాక్టరీలో ఒకే డిజైన్‌తో తయారైన రెండు చిప్‌లు కూడా ఒకేలా ఉండవు. ఈ సంగతి డిజైన్ చేసేవాళ్లకు ముందే తెలుసు. చిప్ పుట్టకముందే ఆ తేడాల్ని కంప్యూటర్‌లో లెక్కగట్టి, వాటిని తట్టుకునేలా డిజైన్ చేస్తారు. అదెలాగో చూద్దాం. ఇది అర్థమైతే రివ్యూల్లోని నంబర్లను మీరు చదివే పద్ధతే మారిపోతుంది.

తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

ట్రాన్సిస్టర్ అంటే ఒక బుల్లి స్విచ్. దాని గేట్ మీద వోల్టేజ్ ఒక స్థాయి దాటితేనే అది సరిగ్గా ఆన్ అవుతుంది. ఆ స్థాయినే త్రెషోల్డ్ వోల్టేజ్ అంటారు. ఈ పదం ఒక్కటి గుర్తుపెట్టుకోండి, మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

చిప్‌లను ఒక్కొక్కటిగా తయారు చేయరు. 300 మిల్లీమీటర్ల వ్యాసం ఉండే గుండ్రటి సిలికాన్ పలక మీద వందల చిప్‌లు ఒకేసారి తయారవుతాయి. ఆ పలక పేరు వేఫర్. పెనం మీద దోశ మధ్యలో ఎర్రగా కాలి, అంచుల్లో తెల్లగా ఉండిపోవడం చూసే ఉంటారు. వేఫర్ మీద కూడా మధ్యలో ఒకలా, అంచుల్లో ఇంకోలా పొరల మందం, గీతల వెడల్పు అతి కొద్దిగా మారతాయి. ఒక వేఫర్‌కూ ఇంకో వేఫర్‌కూ మధ్య కూడా తేడా ఉంటుంది. దీన్ని గ్లోబల్ వేరియేషన్ అంటారు. దీనివల్ల ఒక చిప్‌లోని ట్రాన్సిస్టర్లన్నీ కలిసి కాస్త ఫాస్ట్‌గానో, కాస్త స్లోగానో తయారవుతాయి.

రెండోది లోకల్ వేరియేషన్. అంటే ఒకే చిప్‌లో పక్కపక్కనే ఉన్న రెండు ట్రాన్సిస్టర్ల మధ్య తేడా. పాత తరం ట్రాన్సిస్టర్లలో దీనికి పెద్ద కారణం సిలికాన్‌లో కలిపే డోపింగ్ పరమాణువులు. సైజు తగ్గేకొద్దీ ఒక్కో ట్రాన్సిస్టర్‌లో వాటి సంఖ్య వందలకు, పదులకు పడిపోయింది. సగటున 100 ఉండాల్సిన చోట ఒకదానిలో 90, పక్కదానిలో 110 ఉండటం మామూలే. అంటే 10 శాతం అటూ ఇటూ. అదే సగటు 10,000 అయితే అటూ ఇటూ తేడా 100 మాత్రమే, అంటే 1 శాతం.

ఫిలిప్స్‌లో పనిచేసిన మార్సెల్ పెల్‌గ్రోమ్ 1989లో తన సహచరులతో కలిసి ప్రచురించిన సూత్రం కూడా ఇదే చెబుతుంది. ట్రాన్సిస్టర్ వైశాల్యం నాలుగో వంతుకు తగ్గితే, పక్కపక్క ట్రాన్సిస్టర్ల మధ్య తేడా రెట్టింపవుతుంది. తర్వాత వచ్చిన ఫిన్‌ఫెట్లలో ఛానెల్‌లో డోపింగ్‌ను బాగా తగ్గించే వీలు దొరికింది కాబట్టి ఈ సమస్య తగ్గింది. కానీ ఫిన్ మందంలో, గేట్ లోహంలో వచ్చే తేడాలు అలాగే మిగిలాయి.

ఫ్యాక్టరీకి వెళ్లకముందే పరీక్ష

"తయారు చేసి చూద్దాం, బాగోకపోతే మళ్లీ చేద్దాం" అంటే చిప్‌ల విషయంలో కుదరదు. నెలల టైమ్, బోలెడంత డబ్బు పోతాయి. అందుకే ముందు సిమ్యులేషన్ చేస్తారు. 1973లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి స్పైస్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. దాన్ని రాసింది లారీ నాగెల్, ఆయన గైడ్ ప్రొఫెసర్ డొనాల్డ్ పెడర్సన్. ఇప్పటి సర్క్యూట్ సిమ్యులేటర్లలో చాలావాటికి మూలం అదే.

అయితే ఎంత వోల్టేజ్ ఇస్తే ట్రాన్సిస్టర్‌లో ఎంత కరెంట్ పారుతుందో సిమ్యులేటర్‌కు ఎవరో చెప్పాలి కదా. అది చెప్పే సమీకరణాల సెట్‌నే మోడల్ అంటారు. అదే యూనివర్సిటీలో చెన్మింగ్ హు బృందం తయారు చేసిన బిసిమ్ మోడళ్లు ఈ రంగంలో స్టాండర్డ్ అయ్యాయి. సమీకరణాలు అందరికీ ఒకటే. వాటిలో వేసే నంబర్లు మాత్రం ఏ ఫ్యాక్టరీవి ఆ ఫ్యాక్టరీవే. టెస్ట్ ట్రాన్సిస్టర్లు తయారు చేసి, కొలిచి, ఆ నంబర్లను డిజైనర్లకు ఇస్తారు.

నంబర్లు ఒక్క సెట్ ఇస్తే సరిపోదు. చిప్‌లో ఎన్‌మాస్, పీమాస్ అని రెండు రకాల ట్రాన్సిస్టర్లుంటాయి. రెండూ మామూలుగా ఉంటే టీటీ, రెండూ ఫాస్ట్ అయితే ఎఫ్‌ఎఫ్, రెండూ స్లో అయితే ఎస్‌ఎస్. ఒకటి ఫాస్ట్, ఇంకోటి స్లో అయితే ఎఫ్‌ఎస్, ఎస్‌ఎఫ్. వీటిని కార్నర్లు అంటారు. ఎస్‌ఎస్ కార్నర్‌లో కూడా పని టైమ్‌కి పూర్తవ్వాలి. ఎఫ్‌ఎఫ్ కార్నర్‌లో కూడా కరెంట్ లీకేజీ హద్దు దాటకూడదు. ఆ పరీక్షల్ని రకరకాల వోల్టేజ్‌ల దగ్గర, చలిలోనూ వేడిలోనూ చేస్తారు.

లోకల్ తేడాలకు ఇంకో పద్ధతి ఉంది, పేరు మాంటే కార్లో. ప్రతి ట్రాన్సిస్టర్‌కూ లాటరీ తీసినట్టు కొద్దిగా వేరే నంబర్లు ఇచ్చి, వేలసార్లు సిమ్యులేషన్ చేస్తారు. ఇంత శ్రమ ఎందుకంటే, 1 ఎంబీ క్యాష్ మెమరీలో 83,88,608 సెల్స్ ఉంటాయి. ఎగ్జామ్‌లో 99.9 శాతం వస్తే టాపర్. ఇక్కడ మాత్రం 99.9 శాతం అంటే దాదాపు 8,400 సెల్స్ ఫెయిలైనట్టు! అందుకే 100 కోట్లలో ఒకటి ఫెయిలవడం లాంటి అరుదైన కేసుల దాకా లెక్కపెడతారు.

ఫాస్ట్ చిప్ అంటే మంచి చిప్పేనా?

ఇక్కడే అసలు మెలిక ఉంది. త్రెషోల్డ్ వోల్టేజ్ తక్కువున్న ట్రాన్సిస్టర్ త్వరగా ఆన్ అవుతుంది. కానీ ఆఫ్ చేసినా పూర్తిగా ఆగదు, సరిగ్గా బిగించని కుళాయిలా కారుతూనే ఉంటుంది. త్రెషోల్డ్ 60 నుంచి 100 మిల్లీవోల్టులు తగ్గితే చాలు, ఆ లీకేజీ సుమారు 10 రెట్లవుతుంది. స్లో ట్రాన్సిస్టర్‌లో లీకేజీ తక్కువే, కానీ అదే స్పీడ్ అందుకోవాలంటే ఎక్కువ వోల్టేజ్ కావాలి.

అందుకే ఫ్యాక్టరీలోనే చిప్‌ను టెస్ట్ చేసి, అది ఏ గ్రూప్‌కు చెందుతుందో చిప్‌లోనే శాశ్వతంగా రాసేస్తారు. స్నాప్‌డ్రాగన్ 800 కాలంలో దీన్ని పీవీఎస్ అనేవారు, శాంసంగ్ ఎక్సినోస్‌లో ఏఎస్‌వీ. నెక్సస్ 5 వాడినవాళ్లు కెర్నల్ లాగ్‌లో తమ పీవీఎస్ నంబర్ వెతుక్కునేవారు. ఫాస్ట్ చిప్‌కు తక్కువ వోల్టేజ్, స్లో చిప్‌కు ఎక్కువ వోల్టేజ్. స్విచింగ్‌కు ఖర్చయ్యే పవర్ వోల్టేజ్ వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి, వోల్టేజ్ 5 శాతం తగ్గితే ఆ పవర్ దాదాపు 10 శాతం తగ్గుతుంది. రెండు ఫోన్లలో క్లాక్ స్పీడ్ ఒకటే అయినా వేడి వేరుగా ఉండటానికి ఇదొక కారణం.

2015లో వచ్చిన ఐఫోన్ 6ఎస్ సంగతి గుర్తుందా? దాని ఏ9 చిప్‌ను శాంసంగ్, టీఎస్ఎంసీ రెండూ తయారు చేశాయి. కొన్ని బ్యాటరీ టెస్టుల్లో పెద్ద తేడా కనిపించేసరికి గొడవ మొదలైంది. ప్రాసెసర్‌ను ఆపకుండా ఫుల్‌గా నడిపే అలాంటి టెస్టులు నిజమైన వాడకాన్ని చూపించవని, మామూలు వాడకంలో తేడా 2 నుంచి 3 శాతం లోపేనని ఆపిల్ వివరణ ఇచ్చింది.

మరి మనం ఏం చేయాలి?

• స్కోర్‌లో రెండు మూడు శాతం తేడా చూసి కంగారుపడొద్దు. గది వేడి, బ్యాక్‌గ్రౌండ్ యాప్స్ కూడా అంత తేడా తెస్తాయి.

• రెండు ఫోన్లను పోల్చాలంటే ఒకే గదిలో, ఒకే చార్జ్ స్థాయిలో, కవర్ తీసి, కనీసం ఐదుసార్లు టెస్ట్ చేయండి. వచ్చిన స్కోర్లలో మధ్యది తీసుకోండి.

• తేడా పెద్దగా ఉండి, ప్రతిసారీ అలాగే వస్తుంటే అప్పుడు సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి.

• రూట్ చేసి వోల్టేజ్ తగ్గించేవాళ్లు ఫ్రెండ్ సెట్టింగ్స్ కాపీ కొట్టొద్దు. అతని చిప్ వేరు, మీది వేరు. పైగా ఏళ్లు గడిచేకొద్దీ ట్రాన్సిస్టర్ల త్రెషోల్డ్ మెల్లగా పెరుగుతుంది. కంపెనీ ఇచ్చిన వోల్టేజ్‌లో దానికి కూడా కొంత మిగులు ఉంచుతారు. ఇవాళ క్రాష్ అవ్వలేదంటే రెండేళ్ల తర్వాత కూడా అవ్వదని కాదు.

• ఏ రివ్యూ అయినా సాధారణంగా ఒక్క యూనిట్ మీదే చేస్తారు. అందులోని నంబర్‌ను ఒక శాంపిల్‌గా చూడండి. రెండు ఫోన్ల మధ్య తేడా ఒకటి రెండు శాతమే ఉంటే, ఆ రెండూ సమానమనుకుని ధర, కెమెరా, అప్‌డేట్లు చూసి కొనుక్కోండి.