పాత జీపునకు కొత్త లాకింగ్ హబ్బులు: ఎన్నిక, అమరిక

భాషాసాహిత్యములు బోధించువారు కళాశాల సంచికకు ఒక కావ్యపరిశీలనము వ్రాసి యిచ్చుట ఆచారము. ఈ యేడు మేము ఆ ఆచారమును విడిచి జీపు చక్రమును గూర్చి వ్రాయుచున్నాము. మా తరగతులలోని విద్యార్థులు కొందరు సాయంకాలము తండ్రి వద్దనో, మామూ వద్దనో షెడ్డులో పని నేర్చుచున్నారు. వ్రేళ్ళకంటిన గ్రీజును సిగ్గుతో దాచుకొని మరునాడు తరగతికి వచ్చుచున్నారు. ఉత్పలమాలకు గణములను తడుముకొనక చెప్పు బాలుడు, తాను ప్రతిదినము విప్పి బిగించు వస్తువును నాలుగు తెలుగు వాక్యములలో వివరింపుమనగా నోరు మెదపలేకున్నాడు. అది వ్రాతకెక్కదగిన విద్య కాదని అతని తలంపు. ఆ తలంపుతో మేము ఏకీభవింపము.

నిజమునకు షెడ్డు భాషాధ్యయనమునకు మంచి స్థలము. మరమ్మతు అను మాట అరబీలో పుట్టి, పారశీకము, ఉర్దూల మీదుగ తెలుగునకు వచ్చినది. కార్ఖానా పారశీకము. మేస్త్రీ పోర్చుగీసువారి నుండి వచ్చిన మాట. మన దేశపు జీపు చరిత్రయు ఇట్టిదే. 1945లో మహీంద్రా అండ్ మొహమ్మద్ అను పేర ఏర్పడిన సంస్థయే విల్లీస్ జీపులను ఇచట కూర్చినది. భాగస్వామియైన గులాం మొహమ్మద్ పాకిస్తాన్ తొలి ఆర్థికమంత్రిగ వెడలిపోగా, 1948లో అది మహీంద్రా అండ్ మహీంద్రాగ మారినది. ఇక విషయమునకు వచ్చెదము.

జీపు నాలుగు చక్రములను త్రిప్పగలదు కాని ఎల్లవేళల త్రిప్పదు. మంచి రోడ్డుపై ఇంజను బలము వెనుక చక్రములకే చేరును. బురదలోనో ఇసుకలోనో దిగినపుడు డ్రైవరు ట్రాన్స్‌ఫర్ కేసు లివరును మార్చి ముందు ఇరుసునకు కూడ బలము పంపును. అయితే తొలినాటి జీపులలో ముందు యాక్సిల్ షాఫ్టు కొస, డ్రైవ్ ఫ్లాంజి అను ఇనుప బిళ్ళచే చక్రపు హబ్బునకు శాశ్వతముగ బంధింపబడి యుండును. కనుక లివరును రెండు చక్రముల స్థానమున నుంచినను, రోడ్డుపై దొర్లు ముందు చక్రములు తమ షాఫ్టులను, డిఫరెన్షియలును, ముందు ప్రొపెల్లర్ షాఫ్టును ఊరక త్రిప్పుచునే యుండును. అరుగుదల, చప్పుడు, కొంత ఇంధనవ్యయము దీని ఫలములు. ఈ బంధమును వలసినపుడు వేసి, వలదన్నపుడు తీయు సాధనమే లాకింగ్ హబ్బు. దాని లోపల పండ్లుగల యొక కంకణము జరుగుచుండును. పై బిళ్ళను చేతితో త్రిప్పగా ఆ కంకణము షాఫ్టును హబ్బును కలుపును, లేదా విడదీయును. యుద్ధానంతరము మిగిలిన జీపుల కొరకు అమెరికాలో ఆర్థర్ వార్న్ 1948లో ఇట్టి హబ్బులను తయారుచేయ నారంభించెను.

హబ్బును కొనుటకు పోవునపుడు పలువురు జీపు పేరు చెప్పి ఊరకుందురు. అది చాలదు. ఒకే పేరుతో తిరుగు బండ్లకు వేరువేరు ఇరుసులు కలవు; పాత బండికి మధ్యకాలమున ఎవరే భాగములు మార్చిరో పేరు చెప్పదు. మొదట టోపీ తీసి షాఫ్టు కొసన గల గాడులను లెక్కింపవలెను. పాత విల్లీస్ జీపులలో అవి 10. 1972 తరువాతి అమెరికా సీజే బండ్లలో డానా 30 ఇరుసు వచ్చినది, అందు గాడులు 27. పిదప హబ్బు ముఖమున బోల్టుల సంఖ్యను చూడవలెను. విల్లీసునకు 6; 1980ల నాటి సీజే బండ్లలో 5 కూడ కలవు. బోల్టుల వలయపు కొలత, షాఫ్టు కొస ఫ్లాంజి నుండి ఎంత వెలికి వచ్చుచున్నది అనునవి కూడ కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. పాత ఫ్లాంజినే సంచిలో వేసికొని పోవుట అంతకంటె మేలు.

చేతితో త్రిప్పు హబ్బులా, తమంత తాము పట్టు హబ్బులా అను ప్రశ్న కలదు. రెండవ రకములో డ్రైవరు బండి దిగనవసరము లేదు. కొన్ని షాఫ్టు తిరుగుడుచే పట్టుకొని, బండిని కొలది దూరము వెనుకకు నడిపినపుడు విడును. కొన్ని ఇంజను పీల్పుడుచే పనిచేయును. ఆ పీల్పుడు గొట్టమునకు చిన్న చిల్లి పడినను హబ్బు పట్టదు. ఆ సంగతి బండి బురదలో కూరుకొన్న తరువాతనే తెలియును. పాత బండికి చేతి హబ్బులే తగినవని మా అభిప్రాయము. వానలో దిగి రెండు బిళ్ళలు త్రిప్పుట కష్టమే, కాని త్రిప్పినది పట్టినదో లేదో చేతికే తెలియును. పై బిళ్ళ ప్లాస్టిక్కుది కాక లోహముది కావలెను. రెండు హబ్బులను ఒకే జతగ కొనవలెను.

ఇక అమరిక. బండిని చదునైన గట్టి నేలపై నిలిపి, వెనుక చక్రములకు ముందువెనుకల అడ్డురాళ్ళు వేసి, హ్యాండ్ బ్రేకు బిగించి, ముందు ఇరుసును జాకీతో ఎత్తి దాని క్రింద గట్టి స్టాండ్లు నిలుపవలెను. జాకీని మాత్రమే నమ్మి పనిచేయుట షెడ్డులలో మేము తరచుగ చూచుచున్నాము. ఇది చూచి మేస్త్రీలు ఊరకుండుట మాకు నచ్చదు.

టోపీ తీసి, షాఫ్టు కొసనున్న సర్క్లిప్పును విప్పి, బోల్టుల క్రింది వాషర్ల చెవులను వెనుకకు వంచి, బోల్టులు తీయవలెను. ఫ్లాంజి రానిచో కొయ్యసుత్తితో ప్రక్కలను మెల్లగ తట్టవలెనే కాని, సందులో పేచ్‌కస్ దూర్చి ఎత్తరాదు. ముఖముపై గీతపడినచో అందుండి గ్రీజు కారును, నీరు చొరబడును. పాత గ్యాస్కెట్టును గీకి, కిరసనాయిలుతో తుడిచి ఆరనీయవలెను.

ఇపుడు బేరింగు నట్టులు కనబడును. హబ్బు మార్చుటకు వచ్చినవాడు వీనిని చూడక మూసివేయుట ఘోరమైన పొరపాటు. నట్టు వదులైన చక్రము ఊగి బేరింగును నలుగగొట్టును; అతిగ బిగిసినది కాలి పట్టివేయును. రెండింటను ప్రమాదము బండిలో కూర్చున్నవారికే. కనుక వెలుపలి నట్టును, నడుమ వాషరును తీసి, చక్రమును చేతితో త్రిప్పుచు, అది బరువుగ తిరుగునంత వరకు లోపలి నట్టును బిగింపవలెను. పిదప సుమారు చుట్టులో ఆరవవంతు వెనుకకు విప్పవలెను. చక్రము తేలికగ తిరుగవలెను, పైన క్రింద పట్టి ఊపినచో కదలరాదు. అప్పుడు వాషరు, వెలుపలి నట్టు వేసి, వాషరు చెవిని నట్టుపైకి వంచవలెను.

కొత్త హబ్బు లోపల గ్రీజు పలుచగ పూయవలెను. కుర్రవారు ప్రేమతో గుప్పెడు గ్రీజు కూరుదురు. దాన కంకణము జరుగక హబ్బు పట్టదు. కొత్త గ్యాస్కెట్టు నుంచి, హబ్బును గాడులపై ఎక్కించి, సర్క్లిప్పు తన గాడిలో పూర్తిగ కూర్చున్నదో లేదో వ్రేలితో తడిమి చూడవలెను. హబ్బుతో వచ్చిన బోల్టులనే వాడవలెను. పొడవైనవి వేసినచో అవి అడుగు తాకి బిగిసినట్లు తోచును గాని హబ్బును అదుమవు. ఎదురెదురు బోల్టులను విడతలుగ బిగించి, కొంతదూరము నడిపిన పిదప మరల ఒకసారి బిగింపవలెను.

పరీక్ష సులభము. ముందు చక్రములు గాలిలో నుండగనే, ఇంజను ఆపి, బండిని గేరులోను, లివరును నాలుగు చక్రముల స్థానములోను ఉంచవలెను. రెండు హబ్బులను లాక్ చేసి ఒక చక్రమును త్రిప్పగా రెండవది ఎదురుదిక్కునకు తిరుగవలెను. తిరుగనిచో ఏదో యొక హబ్బు పట్టలేదన్నమాట. రెండింటిని విడిచిన పిదప రెండు చక్రములును స్వేచ్ఛగ, ఒండొంటితో సంబంధము లేక తిరుగవలెను. ఒక హబ్బు మాత్రమే పట్టిన బండికి ముందు లాగుడు ఉండదు. డిఫరెన్షియల్ బలమంతయు విడిగానున్న షాఫ్టును ఊరక త్రిప్పుటకే పోవును.

హబ్బులు లాక్ చేసినంత మాత్రమున బండి నాలుగు చక్రములతో నడువదు. లివరును కూడ మార్చవలెను. హబ్బులు పట్టియుండి లివరు రెండు చక్రములలో నున్నచో తారురోడ్డుపై హాని లేదు. లివరు మార్చి ఎండిన రోడ్డుపై మలుపులు తిరుగుటయే హాని, ఏలనన ముందు వెనుక చక్రములు వేరువేరు దూరములు నడచును, ఆ భేదమును సర్దు సాధనము ఈ బండ్ల నడుమ లేదు. హబ్బులు విడిచియుండగ లో గేరు వేయుట మరియొక తప్పు. సివిల్ జీపుల స్పైసర్ 18 కేసులో లో గేరు బలమును 2.46 రెట్లు చేయును. అదంతయు వెనుక షాఫ్టులపైననే పడి అవి విరుగు ప్రమాదము కలదు. వాన లేని నెలలలో సైతము నెలకొకసారి హబ్బులు లాక్ చేసి, లివరు మార్చకయే కొలది మైళ్ళు నడిపినచో ముందు ఇరుసులోని నూనె పండ్లన్నింటికి అందును, బిళ్ళలు తుప్పుపట్టి బిగియవు.