రజోగుణము – కాయకము

మనస్సు ఒకచోట నిలువక పరుగెత్తుట మనమందరము ఎరిగినదే. చేతిలోని పని ముగియకమునుపే మరియొక పనిని తలచుట, వచ్చినదానితో తృప్తి నొందక రావలసినదానికై తపించుట, నడురాత్రి మేల్కొని రేపటి లెక్కలు వేయుట, ఇవన్నియు ఒకే గుణముయొక్క వికారములు. యోగశాస్త్రము దానికి రజస్సని పేరు పెట్టినది. కాయకమును పూజగా భావించు మన కుటుంబములకు ఈ గుణవిచారము మిక్కిలి యవసరము. ఏలయన మనచేత పని చేయించునదియు రజస్సే, ఆ పనిలోనే మనలను కట్టివేయునదియు రజస్సే. ఈ రెండింటి భేదమును తెలిసికొనుటయే ఈ పాఠముయొక్క ప్రయోజనము.

గుణమనగా నేమి?

సంస్కృతమున గుణశబ్దమునకు స్వభావమను అర్థమే గాక పోగు, త్రాడు అను అర్థములును గలవు. మూడు పురులు పెనవైచిన త్రాటివలె సత్త్వము, రజస్సు, తమస్సు అను మూడును కలిసి జీవుని బంధించును. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారిక సత్త్వమును తేలికయై వెలుగునిచ్చునదిగను, తమస్సును బరువై కప్పివేయునదిగను, రజస్సును చలించుచు ప్రేరేపించునదిగను వర్ణించినది. ఇవి పరస్పర విరుద్ధములే. అయినను వత్తియు, నూనెయు, మంటయు కలిసి దీపమైనట్లు మూడును ఒక్క ప్రయోజనమునకై కలిసి పనిచేయును. ఏ ఒక్క గుణమును తక్కిన రెండింటిని విడిచి యుండదు.

సిరిసిల్ల వారికి ఈ మాట సులభముగ బోధపడును. మగ్గముపై పడుగు బిగువుగ నిలిచియుండును. నాడె ఇటునటు పరుగులిడుచు పేకను తెచ్చును. నాడె కదలనిచో గుడ్డ లేదు. పడుగు సడలియుండగా నాడె మాత్రము పరుగెత్తినచో పోగులు తెగి చిక్కుపడునే గాని గుడ్డ కాదు. రజస్సు ఆ నాడె వంటిది. దానిని ఆపివేసిన బ్రదుకు నడువదు. స్థిరబుద్ధియను పడుగు లేనిచో దాని పరుగు వ్యర్థము.

రజస్సుయొక్క లక్షణములు

రజోగుణము రాగస్వరూపమనియు, తృష్ణాసంగములతో కూడి కర్మాసక్తిచే జీవుని బంధించుననియు భగవద్గీత పదునాల్గవ అధ్యాయమున గలదు. లోభము, ఎడతెగని ప్రవృత్తి, క్రొత్త క్రొత్త కార్యముల నారంభించుట, శాంతి లేకుండుట, కోరిక, ఈ ఐదును రజస్సు పెరిగినదనుటకు గుర్తులు. దాని ఫలము దుఃఖము. ఇచ్చట బంధకారణముగా చెప్పబడినది కర్మ కాదు, కర్మయందలి సంగము. పాఠకులు ఈ భేదమును మరువరాదు.

పతంజలి యోగసూత్రములు దృశ్యప్రపంచమును ప్రకాశము, క్రియ, స్థితి అను మూడు శీలములు గలదానిగ చెప్పినవి. అందు క్రియ రజస్సునకు చెందినది. వ్యాసభాష్యము చిత్తభూములను ఐదింటిని లెక్కించినది: క్షిప్తము, మూఢము, విక్షిప్తము, ఏకాగ్రము, నిరుద్ధము. రజస్సుచే విసరివేయబడి విషయమునుండి విషయమునకు పోవు చిత్తము క్షిప్తము. చిత్తము చెదరినప్పుడు దుఃఖము, మనోవ్యాకులత, అంగముల వణకు, శ్వాస సమత తప్పుట అను నాలుగును వెంట వచ్చునని పతంజలి చెప్పెను. వైద్యుడు నాడి చూచినట్లు మనము మన ఊపిరిని గమనించి రజస్సును కనిపెట్టవచ్చును.

రజస్సు సత్త్వముయొక్క వేషమును కూడ ధరించును. ఇదియే మిక్కిలి ప్రమాదకరము. ప్రతిఫలము కోరి ఇచ్చు దానమును, సత్కారము కోరి చేయు తపస్సును గీత పదునేడవ అధ్యాయము రాజసములని నిర్ణయించినది. మఠమునకు విరాళమిచ్చి, తన పేరు రాతిపై పెద్ద అక్షరములతో చెక్కలేదని అలుగుట. లింగపూజ చేయుచు గడియారమువంక చూచుట. శక్తికి మించి అప్పు తెచ్చి పెండ్లిపందిరిని బంధువులు మెచ్చునట్లు వేయుట, వీనిలో చేసిన కార్యము మంచిదే. దానిని నడిపించిన బలము మాత్రము రజస్సు. ఆ పందిరి మూడునాళ్ళకు దిగును. అప్పు మాత్రము బిడ్డల కాలము వరకు నిలుచును.

ఆకలి వేరు, తృష్ణ వేరు

ఇచ్చట ఒక అపార్థమును తొలగింపవలసియున్నది. పండ్రెండు గంటల షిఫ్టున సాంచాల చప్పుడు నడుమ నిలిచి పనిచేయు సిరిసిల్ల కార్మికుని, కోరుట్లలో ఇంటి అరుగుపై కూర్చుండి బీడీలు చుట్టు తల్లిని, అప్పు తీర్చుటకై జగిత్యాలనుండి దుబాయికి పోయిన యువకుని చూచి “వీరిది రజోగుణము” అనుట తగదు. ఆకలిచే చేయు శ్రమకు తృష్ణ యని పేరు పెట్టుట శాస్త్రమునకు ద్రోహము. కూలి చాలక అప్పులలో మునిగిన నేతకుటుంబమునకు గుణబోధ చేయుటకంటె ముందు చేయూత నిచ్చుట ధర్మము. గుణవిచారము ఎవరికి వారు చూచుకొనవలసిన అద్దము. దానిని పొరుగువాని ముఖమునకు ఎదురుగ పట్టరాదు.

అయినను శ్రమలో తృష్ణ ప్రవేశించు ఘడియ ఒకటి గలదు. అప్పు తీరినది, ఇల్లు నిలిచినది, బిడ్డల చదువు సాగుచున్నది. అప్పుడు పొరుగువాని మేడను చూచి, వృద్ధులైన తల్లిదండ్రులను, ఎదుగుచున్న పిల్లలను విడిచి, క్రొత్త అప్పుతో మరియొక వీసాకై పరుగెత్తుట తృష్ణ. పని అదియే, చెమట అదియే. లోపల నడిపించునది మాత్రము మారినది. ఆ సరిహద్దును కనిపెట్టుటయే వివేకము.

లక్కమ్మ చూపిన హద్దు

ఈ వివేకమునకు శరణచరిత్రలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల కథ గొప్ప ఉదాహరణము. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున నుండగా వీరు కల్యాణమున నివసించిరి. ఆ కల్యాణము నేటి బీదరు జిల్లాలోని బసవకల్యాణము. 1956 వరకు అది మన ప్రాంతముతో కూడి హైదరాబాదు రాష్ట్రముననే యుండెను. నేలరాలిన బియ్యపుగింజలను ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఆ బియ్యముతోనే జంగమదాసోహము జరుగుచుండెను. ఒకనాడాయన నిత్యముకంటె అధికముగ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటి అవసరమునకు మించినదానిని అంగీకరింపక, దొరికినచోటనే విడిచి రమ్మని భర్తను వెనుకకు పంపెను.

మారయ్య దొంగిలించలేదు, అబద్ధమాడలేదు; తెచ్చిన బియ్యమును దాసోహమునకే వినియోగింపదలచెను. అయినను “మరికొంత” యను ఆలోచన మనస్సున పొడచూపినది. రజస్సు మొలకెత్తు చోటు అదియే. లక్కమ్మ దానిని మొలకయందే త్రుంచెను. పేద ఇంటి ఇల్లాలు గురుస్థానమున నిలిచి భర్తకు వైరాగ్యమును బోధించిన సన్నివేశమిది.

ఈ కథనుండి కాయకమునకు మూడు హద్దులు తెలియుచున్నవి. మొదటిది శుద్ధి: సంపాదించు మార్గము నిర్మలముగ నుండవలెను. రెండవది మితి: చాలును అను మాట నోటనే గాక మనస్సునను పలుకగలుగవలెను. మూడవది దాసోహము: ఫలమును నలుగురితో పంచుకొనవలెను. పంచుకొనుటచే “నాది” యను పట్టు సడలును. ఈ హద్దుల లోపల నడచినప్పుడు రజస్సు సత్త్వమునకు సేవకుడగును. హద్దు దాటినప్పుడు యజమాని యగును.

అభ్యాసము

రజస్సును చంపవలెనని పని మానుకొన్నవాడు శాంతిని పొందడు. అతడు తరచుగ తమస్సున పడి, సోమరితనమునే వైరాగ్యమని భ్రమపడును. కనుక నిగ్రహమార్గము వేరుగ నున్నది. 2016లో ఏర్పడిన రాజన్న సిరిసిల్ల జిల్లాలోని వేములవాడ రాజరాజేశ్వరస్వామి సన్నిధిని భక్తులు చెల్లించు కోడెమొక్కును చూడుడు. కోడె బలమైనది, పొగరుబోతు. భక్తుడు పగ్గము పట్టి దానిని ఆలయము చుట్టు ప్రదక్షిణము చేయించి, పిదప కట్టివేయును. దాని బలమును ఎవ్వరును నశింపజేయరు; అడ్డదిడ్డముగ పరుగెత్తు బలము దేవుని చుట్టు తిరుగునట్లు మలపబడును. బసవశబ్దమునకు వృషభమనియే అర్థమని మన పిల్లలకు ఈ సందర్భమున చెప్పవలెను.

పతంజలి చెప్పిన అభ్యాసవైరాగ్యములు ఈ పగ్గము వంటివి. చెదరిన చిత్తమునకు ఏకతత్త్వాభ్యాసము మందని ఆయన మతము. ఇష్టలింగమును ఎడమ అరచేత నుంచి దృష్టి నిలుపుట మనకు గురువులు దీక్షయందు అనుగ్రహించిన ఏకతత్త్వాభ్యాసమే. పూజకు కూర్చుండినప్పుడు మొదట ఊపిరి నెమ్మదించువరకు ఆగుడు. చూపు చెదరినచో విసుగుకొనక మరల లింగమునందే నిలుపుడు. విసుగు కూడ రజస్సే. పగలు పనిలో నున్నప్పుడు సుఖులయందు మైత్రి, దుఃఖితులయందు కరుణ, పుణ్యాత్ములయందు సంతోషము, పాపులయందు ఉపేక్ష వహించుటచే చిత్తము తేటపడును. పొరుగువాని వృద్ధిని చూచి ఓర్వలేని మనస్సునకు ఇంతకంటె మంచి ఔషధము లేదు.

మననమునకు ప్రశ్నలు

ప్రతి సోమవారము సాయంకాలము కుటుంబమంతయు కూర్చుండి వీనిని విచారించుట మేలు.

1. ఈ వారము మనము చేసిన పనులలో అవసరముచే చేసినవి ఎన్ని? పోటీచే చేసినవి ఎన్ని?

2. “ఇక చాలును” అని మనము మనస్ఫూర్తిగ అనుకొన్న సందర్భము ఒక్కటియైన గలదా?

3. మన ఇంట లక్కమ్మవలె హద్దు చూపువారెవరు? వారి మాటను మనము విందుమా?

4. మనకు వచ్చినదానిలో ఇతరుల పాలు ఎంత? దానిని పేరు కోరక ఇచ్చితిమా?

మూడవ ప్రశ్నకు ఇంటి పెద్దయే ముందుగ సమాధానము చెప్పుట ఉచితము.