పాత కారుకు ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: మార్చే ముందు తెలుసుకోవలసినవి

పెట్రోలు ఇంజన్‌లో ఇంధనాన్ని మండించే నిప్పురవ్వకు వేల వోల్టులు కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేవి 12 మాత్రమే. ఈ తేడాను పూడ్చేది ఇగ్నిషన్ కాయిల్. దాని ప్రైమరీ చుట్టలో పారే కరెంటును ఒక్కసారిగా ఆపితే అయస్కాంత క్షేత్రం పడిపోయి, సెకండరీ చుట్టలో అధిక వోల్టేజి పుడుతుంది.

పాయింట్లతో ఇబ్బంది ఏమిటి?

తొలితరం అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి కార్లలో ఆ కరెంటును ఆపేవి డిస్ట్రిబ్యూటర్‌లోని ‘పాయింట్లు’. నాలుగు సిలిండర్ల ఇంజన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే అవి సెకనుకు 100 సార్లు తెరుచుకోవాలి. పక్కన కండెన్సర్ ఉన్నా, కాలక్రమంలో వాటి లోహం కాలి గుంటలు పడుతుంది. కామ్‌కు ఒరుసుకునే భాగం అరిగి పాయింట్ల మధ్య సందు తగ్గుతుంది. దాంతో అవి ఆలస్యంగా తెరుచుకుంటాయి, నిప్పురవ్వ కూడా ఆలస్యమవుతుంది. ఇంజన్ బలం తగ్గి, పెట్రోలు ఎక్కువ తాగుతుంది.

రెండు మార్గాలు

మొదటిది, పాయింట్లను ఉంచి, కాయిల్ కరెంటును ట్రాన్సిస్టర్‌కు అప్పగించడం. పాయింట్లు చిన్న సంకేత కరెంటునే మోస్తాయి కాబట్టి కాలవు. అయితే ఒరిపిడి అరుగుదల తప్పదు. రెండోది, పాయింట్లను తీసేసి, డిస్ట్రిబ్యూటర్ ఇరుసుకు అయస్కాంతాల వలయాన్ని, పక్కన హాల్ సెన్సర్‌ను అమర్చడం. ఇందులో ఏదీ దేనికీ తగలదు కనుక ఆ అరుగుదల కూడా ఉండదు.

కాయిల్ నిరోధం చూడండి

మాడ్యూల్ కాలిపోవడానికి ఒక ముఖ్య కారణం దానికి సరిపోని కాయిల్. 12 వోల్టుల లెక్కన 3 ఓముల కాయిల్‌లో కరెంటు 4 ఆంపియర్లు దాటదు. 1.5 ఓముల కాయిల్‌ను బలాస్ట్ రెసిస్టర్ లేకుండా కలిపితే అది 8 ఆంపియర్ల దాకా పోవచ్చు. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి ముందుగా వైర్లు విప్పి, కాయిల్ ప్రైమరీ నిరోధాన్ని మల్టీమీటర్‌తో కొలిచి, మాడ్యూల్ సూచనలతో పోల్చుకోవాలి.

కొన్ని పాత బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ కొనను బాడీకి కలిపేవారు. సాధారణ మాడ్యూల్‌ను వాటికి బిగిస్తే పాడవుతుంది. ఇంజన్ ఆగి ఉండగా తాళం ఆన్‌లో వదిలేస్తే కాయిల్, మాడ్యూల్ వేడెక్కే ప్రమాదమూ ఉంది.

ఎలక్ట్రానిక్స్ తీర్చలేని లోపాలు

డిస్ట్రిబ్యూటర్ ఇరుసు వదులైనా, వేగానికి తగ్గట్టు నిప్పురవ్వను ముందుకు జరిపే బరువులు పట్టేసినా, మాడ్యూల్ వాటిని సరిచేయదు. అందుకే ముందు వాటిని బాగుచేయించి, మాడ్యూల్ బిగించాక టైమింగ్ లైట్‌తో సరిచూడాలి. తీసేసిన పాయింట్లను, కండెన్సర్‌ను డిక్కీలో భద్రపరచండి. దారిలో మాడ్యూల్ మొరాయిస్తే, వాటిని మళ్లీ బిగించుకుని ఇల్లు చేరవచ్చు.