నక్షత్రం బరువు లెక్క సరిచూసిందెలా?



ఎయిత్ క్లాస్‌లో ధ్వని పాఠం చెబుతుంటే ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, నక్షత్రాన్ని కాటాలో పెట్టలేం కదా, బరువెంతో ఎలా చెబుతారు?" టెక్స్ట్‌బుక్‌లో లేని ప్రశ్న. ఇంటికెళ్లి చదువుకుని, మర్నాడు చెప్పాను.

వంటింట్లో చిన్న స్టీల్ గ్లాసునీ పెద్ద గిన్నెనీ స్పూన్‌తో కొట్టి చూడమనండి. గ్లాసు సన్నగా మోగుతుంది, గిన్నె బొంగురుగా. నక్షత్రాలూ లోపల మరిగే వాయువుల వల్ల ఇలాగే కంపిస్తుంటాయి. ఆ శబ్దం మనదాకా రాదు (శూన్యంలో ధ్వని ప్రయాణించదు, పరీక్షల్లో వచ్చే ప్రశ్నే!). కానీ వెలుగు పిసరంత పెరిగి తగ్గుతుంది. సూర్యుడిలో ఇది సుమారు 5 నిమిషాలకోసారి. వయసు మీరి ఉబ్బిపోయిన రెడ్ జెయింట్ నక్షత్రాల్లో గంటలు, రోజులు పడుతుంది. 2009లో నాసా పంపిన కెప్లర్ టెలిస్కోప్ ఈ మార్పుల్ని నాలుగేళ్లు రికార్డు చేసింది. వాటిని సూర్యుడితో పోల్చి, ఉష్ణోగ్రత కూడా కలిపి ఫార్ములాలో వేస్తే నక్షత్రం సైజు, ద్రవ్యరాశి వస్తాయి.

జవాబు వచ్చింది, సరే. కరెక్టేనా? మన పిల్లలు చాలామంది ఇక్కడే పెన్ను మూసేస్తారు. నిజం చెప్పాలంటే బీఈడీ దాకా నేనూ అంతే.

శాస్త్రవేత్తలు రెండో దారి వెతికారు. కొన్ని రెడ్ జెయింట్లకు జత నక్షత్రం ఉంటుంది. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ, మనకు ఒకదానికొకటి అడ్డొస్తాయి, గ్రహణంలా. గ్రహణం ఎంతసేపు ఉందో చూస్తే సైజు తెలుస్తుంది. కాంతి రంగులో వచ్చే మార్పు నుంచి వేగం, దాన్నుంచి ద్రవ్యరాశి తెలుస్తాయి. 2016లో పాట్రిక్ గోమ్ బృందం ఇలాంటి 10 రెడ్ జెయింట్లను రెండు పద్ధతుల్లోనూ లెక్కగట్టింది. కంపనాల ఫార్ములా సైజును సుమారు 5 శాతం, ద్రవ్యరాశిని 15 శాతం ఎక్కువ చూపించింది. అంటే 100 మార్కుల పేపర్‌కి 115 వేసినట్టు!

సూర్యుడిని కొలతగా పెట్టుకున్న ఫార్ములా అది. రెడ్ జెయింట్ లోపలి నిర్మాణం వేరు. ఈ తేడా చిన్నదేం కాదు. బరువైన నక్షత్రం ఇంధనాన్ని త్వరగా ఖర్చు చేస్తుంది కాబట్టి, బరువు ఎక్కువ లెక్కేస్తే ముసలి నక్షత్రం వయసులో ఉన్నట్టు కనిపిస్తుంది. మన పాలపుంత చరిత్రను రాసేది ఆ వయసులతోనే.

ఆ అమ్మాయి వదల్లేదు. "మరి రెండో పద్ధతి తప్పయితే?" అది సూర్యుడి పోలిక మీద కాకుండా నేరుగా న్యూటన్ సూత్రాల మీద నడుస్తుందని చెప్పాను. న్యూటన్ సూత్రాలు నైన్త్ క్లాస్‌లో వస్తాయి. అప్పటిదాకా ఆగేలా లేదు, లైబ్రరీ నుంచి నైన్త్ బుక్ తీసుకెళ్లింది.